గడియారం కింద పద్నాలుగో నంబరు

ఊళ్ళు చూడడానికి కళ్ళు అక్కర్లేదు!

మీరు నవ్వుకున్నా సరే, కళ్ళజోడు సర్దుకుని నన్ను ఎగాదిగా చూసినా సరే, నా మాట మార్చుకోను. అందులోనూ పాతకాలపు ఊళ్ళు, పైగా పరాయి దేశపు ఊళ్ళు చూడాలంటే కావలసినవి రెండే రెండు. ఒక జత చెవులు, వాటికి తగిలించుకోవడానికి ఒక ఆడియో గైడు. కాళ్ళు కూడా ఉంటే మంచిదే గాని, తప్పనిసరేం కాదు.

ఆడియో గైడు అంటే ఏమిటో తెలియని దురదృష్టవంతుల కోసం చెప్తున్నాను. అదొక అరచేయంత నల్లపెట్టె. మెడలో వేలాడుతుంది. అందులోంచి ఒక వైరు చెవుల దాకా వస్తుంది. ఊళ్ళో చూడదగ్గ ప్రతి గోడ పక్కనా ఒక నంబరు రాసి ఉంటుంది. మీరు ఆ నంబరు నొక్కాలి. అంతే! ఒక ఆడగొంతు ఆ గోడ పుట్టుపూర్వోత్తరాలన్నీ మీ చెవిలో పోస్తుంది. ఎవరు కట్టారు, ఎవరు కూల్చారు, కూల్చినవాళ్ళు పశ్చాత్తాపపడి మళ్ళీ ఎప్పుడు కట్టారు, ఎన్ని అడుగులు, ఎన్ని టన్నులు. ఇక మీరు తలెత్తి గోడకేసి చూడాల్సిన అవసరం ఏముంది?

ఇంత మహోపకారాన్ని పట్టుకుని న్యూసెన్సు అనేవాళ్ళున్నారు! గుంపులు గుంపులుగా జనం చెవులకు చిప్పలు తగిలించుకుని, నోళ్ళు తెరుచుకుని, ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటూ తిరుగుతున్నారట. అడ్డం తప్పుకోమంటే వినపడదట. వాళ్ళకు జ్ఞానం అంటే గిట్టదని నా అనుమానం.

ఈ విషయం మీద మాట్లాడడానికి నా అర్హతలు మనవి చేసుకోవాలి. నేను ఒక పెద్ద ఆఫీసు రికార్డు రూములో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి మొన్ననే రిటైరయ్యాను. పదకొండో ఫైలు చూడకుండా పన్నెండో ఫైలు ముట్టుకున్న పాపాన పోలేదు. తెరిచిన ఫైలును ఆఖరి కాగితం దాకా చదవకుండా మూసిందీ లేదు. రూముకు నిప్పంటుకుంటే ముందు ఆ నిప్పుకు ఒక నంబరు వేయించి గాని ఆర్పనివ్వడని నా వెనకాల అనుకునేవారట. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

మా ఆవిడ టైలరు. ఇంటి ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని, వీధి వీధంతటికీ కొలతలు తీసింది. ఆవిడ చూపు వేరు. టీవీలో ఎవరైనా పెద్దమనిషి ప్రపంచశాంతి గురించి మాట్లాడుతుంటే నేను మాటలు వింటాను. ఆవిడ, "ఎడంవైపు చంక పట్టేస్తోంది, పాపం. ఊపిరెలా ఆడుతోందో!" అంటుంది.

పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళకు ఇది మా మొదటి విదేశయాత్ర. ఇన్ని దేశాలుండగా ఆ ఊరికే ఎందుకు వెళ్ళామంటే, దానికి కారణం ఒక రేకు డబ్బా.

మా ఆవిడ గుండీలు వేసుకునే డబ్బా అది. పెళ్ళికి ముందు నుంచీ ఆవిడ దగ్గరే ఉంది. ఎప్పుడో బిస్కట్ల డబ్బా. మూత మీద ఒక గడియార స్తంభం బొమ్మ ఉంటుంది. గడియారం కింద రెండు చిన్న తలుపులు. ఒక తలుపులోంచి బొమ్మలు వరసగా బయటికొచ్చి, రెండో తలుపులోకి వెళ్తుంటాయి. ముందు రాజు, వెనక రాణి, ఆ వెనక సేనాపతి, జడ్జీ. అందరికంటే వెనకాల ఇంకో బొమ్మ ఉంది గాని, సరిగ్గా ఆ మూలే తుప్పు పట్టింది. మొహం ఊడిపోయింది.

"ఆ చివర నిలబడింది ఎవరో, మొహం ఒక్కసారి చూడాలండీ" అని పెళ్ళైన కొత్తలో అంది. ఆ తర్వాత కూడా గుండీలు తీసినప్పుడల్లా అంటూనే వచ్చింది. నేనూ ఊఁ కొడుతూనే వచ్చాను. రిటైరయ్యాక తీరిక దొరికింది కదా, సరే పద అన్నాను.

మొదటి రోజు పొద్దున్న హోటల్లో కౌంటరు దగ్గరి అమ్మాయి మాకు ఒక సమాచారం చెప్పింది. ఆ గడియారం బొమ్మలు రోజుకు ఒక్కసారే, మధ్యాహ్నం పన్నెండింటికే బయటికొస్తాయి. రేపటి నుంచి అదీ ఉండదు. రిపేరుకని ఏడాదిపాటు మూసేస్తున్నారు. చూడాలంటే ఈ రోజే చూడాలి.

మా ఆవిడ సగం తిన్న బ్రెడ్డు ప్లేటులో పెట్టేసి లేచి నిలబడింది. అప్పటికి టైము ఎనిమిదిన్నర.

"ఇప్పటి నుంచీ వెళ్ళి స్తంభం కింద కూర్చుంటావా ఏమిటి? నాది పూచీ. పన్నెండింటికి నిన్ను గడియారం ముందు నిలబెడతాను" అన్నాను. ఈ మాట నేను నిలబెట్టుకున్నానని ముందే చెప్తున్నాను. తర్వాత నన్ను ఎవరూ వేలెత్తి చూపకూడదు.

పాత ఊరి దర్వాజా దగ్గరే ఆడియో గైడ్లు ఇచ్చే కిటికీ ఉంది. ఇరవై రెండు భాషల్లో ఉన్నాయి. మన భాష తప్ప. నేను ఇంగ్లీషుది తీసుకున్నాను. మా ఆవిడ తనకు వద్దంది. "నా చెవిలో ఇంగ్లీషు నిలవదండీ. మీరున్నారుగా, విని చెప్పండి" అంది.

"నేను విని నీకు చెప్తాలే" అన్నాను. ఈ మాట గురించి తర్వాత చూద్దాం.

ఒకటో నంబరు ఆ దర్వాజాయే. నొక్కాను. అబ్బ, ఏం గొంతండీ! తొందర లేదు, తొట్రుపాటు లేదు, మధ్యలో పాల ప్యాకెట్ల ప్రస్తావన లేదు. తొమ్మిది నిమిషాలు అలాగే నిలబడిపోయాను. మా ఆవిడ నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

"ఏమంటోందండీ ఆవిడ?"

నేను అరచెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు చూపించాను. ఫైలు మధ్యలో ఎవరైనా పలకరిస్తే నేను చేసే సైగే అది. చెయ్యి దానంతటదే లేస్తుంది. తొమ్మిది నిమిషాలూ అయ్యాక, "ఇప్పుడు చెప్పండి" అంది.

"అదో పెద్ద కథ. టూకీగా చెప్పాలంటే, చాలా పాతదట" అన్నాను.

రెండో నంబరు ఒక బావి. అది కూడా పాతదే. మూడోది ఒక వంతెన. పాతదని ఆవిడే కనిపెట్టేసింది. నాలుగో నంబరు నుంచి ఆవిడ అడగడం మానేసింది. చూశారా, ఆడియో గైడు వల్ల భార్యాభర్తల మధ్య ఎంత ప్రశాంతత నెలకొంటుందో! మామూలుగా బజారుకు వెళ్ళి వచ్చేలోపే మేం మూడుసార్లు వాదించుకుంటాం. ఆ పూట ఒక్కసారి కూడా మాటా మాటా పెరగలేదు. అసలు మాటే లేదు!

మా ఇద్దరి సంగతే కాదు. ఆ వీధుల నిండా ఈ ప్రశాంతతే. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి చేతులు పట్టుకుని నడుస్తోంది. అబ్బాయి ఆరో నంబరులో ఉన్నట్టున్నాడు, నవ్వుకుంటున్నాడు. అమ్మాయి ఏడులో ఉంది. అందులో యువరాజు చచ్చిపోతాడు. కళ్ళు తుడుచుకుంటోంది. ఒకరి సంగతి ఒకరికి పట్టలేదు, చేతులు మాత్రం వదల్లేదు. కాపురం అంటే అలా ఉండాలి. ఇంకో లావుపాటాయన ఎనిమిదో నంబరు వింటూ నేరుగా నడిచి ఫౌంటెన్‌లో పడ్డాడు. లేచి నిలబడి, నీళ్ళు కారుతుండగానే మిగతాది విన్నాడు. చదువు మీద అంత శ్రద్ధ ఈ రోజుల్లో ఎవరికుంది చెప్పండి?

నా మట్టుకు నాకు, ఈ సదుపాయాన్ని ఊళ్ళకే ఎందుకు పరిమితం చేశారో అర్థం కాదు. బంధువులకు కూడా నంబర్లు అతికించవచ్చు కదా? పెళ్ళిలో ఎవరో మేనత్తగారు ఎదురై, "నన్ను గుర్తుపట్టావురా?" అని అడుగుతుంది. ఠక్కున ఇరవై ఒకటి నొక్కితే సరిపోయె! ఎవరి అక్కో, ఎవరితో మాటల్లేవో, ఏ విషయం ఎత్తకూడదో మొత్తం చెప్పేస్తుంది. ఆవిడ మొహంలోకి చూడకుండానే ఆప్యాయంగా మాట్లాడి పంపించేయవచ్చు.

సరే, తొమ్మిదో నంబరు దగ్గరికి వద్దాం. అది మ్యూజియం. అక్కడ ఒక రాజుగారి కోటు ఉంది. దాని మీద పదమూడు నిమిషాలు చెప్పింది పెట్టెలోని అమ్మగారు. ఎన్ని తులాల బంగారు దారం, ఎంతమంది పనివాళ్ళు, ఎన్ని నెలలు. నేను కళ్ళు మూసుకుని విన్నాను.

కళ్ళు తెరిచేసరికి మా ఆవిడ పక్కన లేదు. చూస్తే, గది మూల ఒక గార్డు ముందు నిలబడి ఉంది. ఆరడుగుల మనిషి, పాలు తాగే పిల్లాడిలా కదలకుండా నిలబడ్డాడు. ఆయన కోటుకి పైనుంచి మూడో గుండీ ఒక్క పోగు మీద ప్రాణం పెట్టుకుని వేలాడుతోందట. మా ఆవిడ పాస్‌పోర్టయినా మర్చిపోతుంది గాని సూదీదారం మర్చిపోదు. నేను రాజుగారి కోటు వినేలోపు ఆవిడ గార్డుగారి కోటు బాగుచేసి, పంటితో దారం కొరికేసింది. కోటుకు చరిత్ర ఉంటే విలువ గాని, గుండీ ఉంటే ఏం విలువండీ?

అయితే ఆ గార్డుకు చరిత్ర తెలియదు గనక, గుండీకే పొంగిపోయాడు. చేతులతో సైగలు చేస్తూ మా ఆవిడకు ఏదో చెప్పాడు. ఆవిడా చేతులతోనే జవాబు చెప్పింది. బట్టలు కుట్టేవాళ్ళకూ కాపలా కాసేవాళ్ళకూ ఏ భాషలో కుదురుతుందో గాని, ఐదు నిమిషాల్లో ఆవిడకు గడియార స్తంభానికి అడ్డదారి తెలిసిపోయింది.

"పదకొండున్నర అయిందండీ, పదండి. వెనక తలుపులోంచి వెళ్తే పావుగంట కూడా పట్టదట."

"గడియారం పద్నాలుగో నంబరు. మధ్యలో ఇంకా నాలుగున్నాయి!"

"వాటిని సాయంత్రం చూద్దాం."

తొమ్మిది తర్వాత పద్నాలుగా? ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నేను అలాంటి పని చేశానా? అక్కడే నిలబడిపోయాను.  మా ఆవిడ నా మెడలోని పెట్టె పట్టుకుంది. వైరు బిగిసింది. ఆ తర్వాత నేను ఆవిడ వెనకాలే నడిచాను. ఎంత తేలికైన మార్గం చూడండి, నడుస్తూనే పది, పదకొండు, పన్నెండు, పదమూడు నంబర్లు వరసగా వినేశాను! ఆ చర్చీ, ఆ ఖజానా, ఆ జైలూ, ఆ చేపల బజారూ ఎక్కడున్నాయో నాకు తెలియదు. వాటి గురించి మాత్రం మీరు ఏం అడిగినా చెప్తాను. ఊళ్ళు చూడడానికి కళ్ళు అక్కర్లేదని ఊరికే అన్నానా?

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా గడియార స్తంభం ముందు నిలబడ్డాం. నా మాట నిలబడిందా లేదా? చౌరస్తా అంతా జనం. మా ఆవిడ సందులు చేసుకుంటూ ముందుకు తీసుకెళ్ళి, నన్ను తన పక్కన సర్దింది. చీర కొంగు నడుముకు దోపుకుని, మెడ ఎత్తి, తలుపుల కేసే చూస్తోంది. పన్నెండవుతుండగా నాకు చేపల బజారు పూర్తయింది. వెంటనే పద్నాలుగు నొక్కాను.

"మీరిప్పుడు సుప్రసిద్ధమైన గడియార స్తంభం ముందున్నారు" అంది అమ్మగారు. "ముందుగా స్తంభానికి వీపు పెట్టి, ఎదురుగా ఉన్న పసుపుపచ్చ ఇంటిని చూడండి. ఈ గడియారం తయారుచేసిన మహాశిల్పి పుట్టింది అక్కడే."

వీపు పెట్టాను. మరి అది ఆర్డరు కదా!

మహాశిల్పి బాల్యం బాగా కష్టాల్లో గడిచింది. తండ్రి తాగుబోతు. ఎక్కడో గంటలు మోగుతున్నాయి. గడియారంలో నలభై ఏడు చక్రాలున్నాయట. ఆఖరున వచ్చే బొమ్మ అలుపెరగని కాలానికి ప్రతీకట. సరిగ్గా అప్పుడే మా ఆవిడ నా భుజం తట్టింది. నేను తిరగకుండానే అరచెయ్యి ఎత్తాను. "ఉండవోయ్, ఆవిడ మాట్లాడుతోంది!"

మళ్ళీ తట్టింది. ఈసారి భుజం పట్టుకుని ఊపింది. నేను చెయ్యి దించలేదు. ఇంతలో వందలమంది ఒక్కసారిగా గొల్లుమని నవ్విన చప్పుడు వినిపించింది. రికార్డింగు ఎంత సహజంగా ఉందో అనుకున్నాను. అలుపెరగని కాలం దగ్గర నవ్వులెందుకు పెట్టారా అని మాత్రం చిన్న సందేహం వచ్చింది.

"ఇప్పుడు వెనక్కి తిరిగి, తల పైకెత్తండి" అంది అమ్మగారు.

తిరిగాను. ఎత్తాను. రెండు తలుపులూ మూసి ఉన్నాయి. జనం చెదిరిపోతున్నారు.

"ఎప్పుడు మొదలవుతుందట?" అని మా ఆవిణ్ణి అడిగాను.

"అయిపోయిందండీ" అంది.

మీరు అయ్యో అనుకుంటున్నారేమో! ఏం పోయింది? చక్రాలెన్నో తెలుసు, బరువెంతో తెలుసు, ఆఖరి బొమ్మ దేనికి ప్రతీకో తెలుసు. కాకపోతే మా ఆవిడ వాలకమే నచ్చలేదు. మధ్యాహ్నమంతా తనలో తనే నవ్వుకుంటోంది. నేను పదిహేను నుంచి ఇరవై ఆరు దాకా క్రమశిక్షణగా వింటుంటే, ఆవిడ ప్రతి బెంచీ మీదా కూర్చుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కుమంటోంది. ఒకసారి ఎందుకని అడిగాను. "ఏం లేదులెండి" అంది.

పెళ్ళైనవాళ్ళకు ఈ మాట తెలిసే ఉంటుంది. ఇల్లంతా వెతికినా దీనికి నంబరు కనపడదు.

సాయంత్రం పెట్టె కిటికీలో తిరిగి ఇచ్చేసి హోటలుకు చేరాం. చెవులు మండుతున్నాయి. కాళ్ళు రెండూ వేడినీళ్ళ టబ్బులో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, సూదికి దారం చుడుతూ మళ్ళీ నవ్వింది. ఇక ఉండబట్టలేకపోయాను.

"ఎందుకోయ్ ఆ నవ్వు? ఆ ఆఖరి బొమ్మ మొహం చూశావా, లేదా?"

"చూశానండీ. ముసలావిడ. రాజూ రాణీ అంతా ఠీవిగా వెళ్తారా, చివర్న ఈవిడ..."

"తెలుసు, తెలుసు. అలుపెరగని కాలానికి..."

మా ఆవిడ అరచెయ్యి ఎత్తింది. అచ్చంగా నా చెయ్యే! వేళ్ళ మధ్య అదే సందు, మణికట్టు దగ్గర అదే వంపు.

"ఉండండి. నేను మాట్లాడుతున్నాను."

నేను నోరు మూసుకున్నాను. 

"ఆవలిస్తోందండీ ఆవిడ! నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఈ పెద్దమనుషుల ఊరేగింపు ఎప్పుడవుతుందిరా దేవుడా అన్నట్టు. అందరూ లోపలికెళ్ళిపోయారు. ఈవిడ మోచెయ్యి మాత్రం తలుపుకు తట్టుకుంది. తలుపు పడదు. ఈవిడ ఆవలింత ఆపదు. టకటకమని కొట్టుకుంటోంది. అప్పుడు లోపల్నించి ఒక చెయ్యి వచ్చిందండీ. బొమ్మ చెయ్యి కాదు, మనిషి చెయ్యి! చొక్కా చెయ్యి పైకి మడుచుకుని ఉంది. చేతికి వాచీ కూడా ఉంది. అంత గడియారంలో కూర్చుని వాచీ ఎందుకండీ ఆయనకి? ముసలావిడ మోచెయ్యి పట్టుకుని, అత్తగారిని లోపలికి తీసుకెళ్ళినట్టు మెల్లిగా పక్కకు తిప్పి, తలుపు లాక్కున్నాడు. జనమంతా ఒకటే నవ్వు. నేను పకపకా నవ్వుతూ మీ వైపు తిరిగాను."

అక్కడ ఆగింది. సూది పక్కన పెట్టి, ఒళ్ళో ఉన్న గుండీల డబ్బా మూత మీద తుప్పు పట్టిన మూలను బొటనవేలితో ఒకసారి రాసింది. ఆ డబ్బా అంత దూరం వెంట తెచ్చుకుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఆ ఒక్క నిమిషంలో రెండు చేతులు చూశానండీ. ఆ గడియారంలోంచి వచ్చిందొకటి. రెండోది మీది."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నా దగ్గర నాలుగు జవాబులు సిద్ధంగా ఉన్నాయి.  ఇరవై తొమ్మిదేళ్ళుగా ఊఁ కొట్టినవన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. సిగ్గేసింది.

"మళ్ళీ చెప్పు" అన్నాను.

"ఎక్కణ్ణించి?"

"మొదటి నుంచీ. రాజు దగ్గర్నుంచి. మధ్యలోంచి వినే అలవాటు నాకు లేదని తెలుసుగా!"

మా ఆవిడ నవ్వి, కుర్చీ టబ్బు దగ్గరికి లాక్కుంది. రాజు కిరీటం ఒక పక్కకు ఒరిగి ఉందట. రాణి గౌను అంచు ఎవరో తప్పుగా మడిచి కుట్టారట. సేనాపతి కత్తి సగం విరిగిందట. జడ్జీకి ముక్కు లేదట. ముసలావిడ దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు చిట్లించి, ఎంత బాగా ఆవలించిందంటే, నాకూ ఆవలింత వచ్చేసింది. నీళ్ళు చల్లారిపోయాయి. నేను కాళ్ళు తియ్యలేదు.

కాబట్టి, పాఠక మహాశయులారా, ఊళ్ళు చూడడానికి కళ్ళు అక్కర్లేదని మొదట్లో అన్నాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. ఆ గడియారాన్ని నేను చెవులతోనే చూశాను. కాకపోతే, అప్పటికే పెట్టె తిరిగి ఇచ్చేశాను.